చేతమ్మ సంతకాల పాఠం

తెలుగు టీచరుగారికి చేతమ్మ అని పేరు పెట్టింది ఏడో తరగతి పిల్లలు. ఆ సంగతి ఆవిడకు తెలియదని పిల్లల నమ్మకం. తెలుసునని వాళ్ళకు తెలియనివ్వకుండా ఆవిడ ఏళ్ళ తరబడి నెట్టుకొస్తోంది. నిజానికి ఆ పేరంటే ఆవిడకు లోలోపల ఇష్టమే. లెక్కల మాస్టారికి గుండుసున్నా అనీ, డ్రిల్లు మాస్టారికి పీపీ అనీ పెట్టిన పిల్లలు తన దగ్గరకొచ్చేసరికి కాస్త మర్యాద పాటించారని ఆవిడ సంతోషం.

ఆ పేరుకు మూలం ఒక పాఠం. కర్తరి వాక్యం, కర్మణి వాక్యం. పిల్లవాడు పండు తిన్నాడు అంటే కర్తరి. పండు పిల్లవాడి చేత తినబడింది అంటే కర్మణి. అంతే పాఠం. ఒక్క పీరియడులో చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఏటేటా ఏదో ఒక బెంచీ నుంచి ఎవరో ఒకరు లేచి అడుగుతారు, "టీచర్, ఇలా ఎవరైనా మాట్లాడతారా?" అని.

"మాట్లాడరు," అంటుంది చేతమ్మ ఏమాత్రం తడుముకోకుండా. "నువ్వింటికెళ్ళి 'అమ్మా, నా చేత అన్నం తినబడింది' అన్నావనుకో, మీ అమ్మ నీ నుదుటి మీద చెయ్యేసి జ్వరమేమో చూస్తుంది. మనుషులు మాట్లాడరు నాయనా, నోటీసులు మాట్లాడతాయి. రేపు నీటి సరఫరా నిలిపివేయబడును! ఎవరు నిలిపేశారు? కుళాయి దానంతటదే అలిగి కూర్చుందా?"

అక్కడితో ఊరుకుంటే ఆవిడ చేతమ్మ ఎందుకవుతుంది? పాఠం అయ్యాక పిల్లలు ఒక్కొక్కరూ నిజంగా జరిగిన పని ఒకటి తీసుకుని కర్మణి వాక్యం రాయాలి. అందులో ఎవరి చేత అని రాశారో ఆ మనిషిని వెతికి పట్టుకుని, వాక్యం చదివి వినిపించి, దాని కింద సంతకం పెట్టించుకు రావాలి. సోమవారం పాఠం, బుధవారం వాక్యం, శుక్రవారం సంతకం. దొరకలేదు, తెలియదు, చూద్దాం అన్నారు, ఇలాంటివి చెల్లవు. చేసినవాళ్ళు దొరికేదాకా వాక్యం పూర్తికానట్టే లెక్క.

ఈ పద్ధతి వల్ల ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామంది ఇరుకున పడ్డారు. బడి గోడకు సున్నం వేసినాయన సంతకం పెడుతూ పెడుతూ గోడకేసి చూసి, పైవరస తెల్లబడలేదని తనే ఒప్పుకుని, మర్నాడు నిచ్చెన తెచ్చుకుని ఇంకో పూత పూసి వెళ్ళాడు. ఒక పిల్ల 'మా నాన్న మా నాయనమ్మ చేత పెంచబడ్డాడు' అని రాసుకుంది. నాయనమ్మకు సంతకం రాదు. మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పించింది. ఆ ముసలావిడ గీసిన వంకరటింకర అక్షరాలు చూసి చేతమ్మ స్టాఫ్ రూములో కళ్ళద్దాలు తుడుచుకుంది. అద్దాలేమీ మసకబారలేదు.

అన్నిటికన్నా పేరు మోసింది మాత్రం 'రోడ్డు తవ్వబడింది' ఏడాది. బడి ముందు రోడ్డు ఎవరు తవ్వారో కనుక్కోవడానికి ఒక పిల్లవాడు నీళ్ళ ఆఫీసుకు వెళితే వాళ్ళు టెలిఫోను ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడివాళ్ళు కరెంటు ఆఫీసుకు పొమ్మన్నారు. వాడు గట్టివాడు. ముగ్గురి దగ్గరా 'మేము కాదు' అని రాయించి మరీ సంతకాలు తెచ్చాడు. చేతమ్మ వాడికి పదికి పది వేసింది. గొయ్యి మాత్రం వానాకాలం వెళ్ళేదాకా నోరు తెరుచుకునే ఉంది.

ఇంత మంచి టీచరుకు లోపమేమీ లేదా అంటే, ఉంది. నోరు. చేతమ్మ చెయ్యి ఏ పిల్లవాడి మీదా పడలేదు గానీ ఆవిడ నాలుక పడని వీపు ఆ బళ్ళో లేదు. హోంవర్కు తేనివాణ్ణి "నీ పుస్తకం మీ ఇంట్లో చదువుకుంటోందా నాయనా?" అంటుంది. క్లాసంతా నవ్వుతుంది. ఆ పిల్లవాడూ నవ్వుతాడు. తన కోపం పాలపొంగు లాంటిదనీ, అలా పొంగి ఇలా చల్లారిపోతుందనీ ఆవిడ ధీమా. పొంగిన పాలు ఎవరో ఒకరు తుడుచుకోవాలన్న సంగతి ఆవిడకు తట్టలేదు.

ఈ ఏడు మూడో బెంచీ చివర ఒక పిల్ల ఉంది. నోట్లో నాలుక లేని పిల్ల. అక్షరం ముత్యంలా రాస్తుంది. చెయ్యెత్తి ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. అలాంటిది బుధవారం మధ్యాహ్నం బెల్లు కాగానే నోటు పుస్తకం గుండెలకు హత్తుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

"సంతకం కావాలి టీచర్."

"వాక్యం ఇవాళ చూపించాలి, సంతకం శుక్రవారానికి కదమ్మా. ఎవరి సంతకం?"

"మీదే టీచర్."

చేతమ్మ మొహం చేటంత అయింది. తన సంతకం కోసం ఎవరూ రాలేదని కాదు, ఏటా ఒకరిద్దరు తెలివైనవాళ్ళు 'నాకు పాఠం టీచరుగారి చేత చెప్పబడింది' అని రాసుకొచ్చి కాకాపడతారు. వాళ్ళను తిట్టి పంపిస్తుంది. కానీ ఈ పిల్ల అలాంటిది కాదు. ఏదో మంచి మాటే రాసి ఉంటుందనుకుని కలం మూత తీసి, పుస్తకం ముందుకు లాక్కుని చదివింది.

'మా నాన్న ఏడో తరగతిలో మా టీచరుగారి చేత బడి మాన్పించబడ్డాడు.'

ఒకటికి రెండుసార్లు చదివింది. వాక్యంలో తప్పు లేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మా నాన్నే టీచర్. ఎందాకా చదివావని ఎవరడిగినా అదే చెప్తాడు. మా తెలుగు టీచరుగారు మాన్పించారండీ, లేకపోతే కలెక్టర్నయ్యేవాణ్ణి అంటాడు. నవ్వుతూనే అంటాడు టీచర్."

"మీ అమ్మ ఏమంటుంది?"

"అమ్మ నవ్వదు."

"మరి ఇదే వాక్యం ఎందుకు రాశావు?"

"అందరూ ఎక్కడెక్కడికో తిరగాలి కదా టీచర్. మీరైతే ఇక్కడే ఉంటారని."

పిల్ల మొహంలో పితూరీ లేదు, వెటకారం లేదు. తెలివిగా దగ్గరదారి వెతుక్కున్నానన్న తృప్తి మాత్రం ఉంది. చేతమ్మ కలానికి మూత పెట్టేసింది. "శుక్రవారం చూద్దాం," అంది. అన్న తర్వాత గాని తెలియలేదు, ఆ 'చూద్దాం' అన్నది తన దగ్గర చెల్లని మాటని. తాను తవ్విన గోతిలో తానే పడడమంటే ఏమిటో ఆవిడకు ఆ మధ్యాహ్నం బాగా తెలిసింది. పెరుగన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

ఇంట్లో ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందు గదిలో బల్ల, బల్ల మీద గాజుమూతల కింద చిన్న చిన్న చక్రాలు, గోడ నిండా తలా ఒక టైము చూపించే గడియారాలు. ఇంటికి మాటలన్నీ ఆవిడ వంతు, వినడం ఆయన వంతు. ముప్పై ఏళ్ళుగా ఏ గొడవా లేకుండా సాగుతోంది కాపురం. ఆవిడ బ్యాగు దించకుండానే జరిగిందంతా చెప్పింది.

ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండా అడిగాడు, "నిజమేనా?"

"నాకు గుర్తులేదండీ."

"గుర్తులేదంటే, కాదనా?"

ఆవిడ బీరువా మీది నుంచి పాత గ్రూపు ఫోటోలు దింపి, లెక్క కట్టి, సరిగ్గా ఆ ఏడాదిది ముందేసుకుంది. మూడు వరసలు, ముప్పై ఎనిమిది మొహాలు. ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి చూసింది. చాలామంది గుర్తొచ్చారు. మందుల షాపు, డ్రైవింగు స్కూలు, రెండో వరసలో కళ్ళు మూసుకున్నది ఇప్పుడు నర్సు. ఆ పిల్ల వాళ్ళ నాన్న, ఇప్పుడు టైర్ల షాపు నడిపే అతను, మాత్రం లేడు. కాసేపటికి ఆవిడకే వెలిగింది. ఫోటో తీసేది ఏడాది చివర. బడి మానేసినవాడు అందులో ఎందుకుంటాడు?

"ఏటా సామెతల పాఠం కూడా నేనే చెప్తానండీ," అంది ఫోటో పక్కన పెట్టి. "కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. పరీక్షలో దీన్ని వివరించమని అడుగుతాను. సరిగ్గా రాయకపోతే మార్కులు తగ్గిస్తాను."

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. అంటే విషయం పెద్దదని ఒప్పుకున్నట్టు. "ఇంట్లో కూర్చుని ఫోటోలు చూస్తే ఏం తెలుస్తుంది? పిల్లలనైతే వెతుక్కుంటూ వెళ్ళి కనుక్కోమంటావు కదా," అన్నాడు.

గురువారం బడి వదిలాక చేతమ్మ స్కూటరు ఇంటివైపు తిప్పలేదు. సినిమా హాలు వెనక మలుపులో ఉంది టైర్ల షాపు. రేకుల పందిరి, గుమ్మానికి రెండు పక్కలా పాత టైర్ల దొంతరలు, మధ్యలో నీళ్ళ తొట్టి. ముప్పై ఏడు ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి తొట్టి ముందు గొంతుక్కూర్చుని, గాలి నింపిన ట్యూబును కొంచెం కొంచెంగా నీళ్ళలో ముంచి తిప్పుతున్నాడు. ఒకచోట బుడబుడమని బుడగలొచ్చాయి. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. స్కూటరు చప్పుడుకు తలెత్తి చూసి, ఒక్క ఉదుటున లేచి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నమస్తే టీచర్!"

"వెనక చక్రంలో గాలి తగ్గినట్టుంది, చూడు బాబూ," అంది చేతమ్మ. అబద్ధం ఆడడం అలవాటు లేని గొంతు.

అతను చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. తర్వాత మీటరు పెట్టి చూశాడు. "గాలి నిండుగా ఉంది టీచర్. మీరు గాలికి రాలేదు," అని, తనే లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి గుడ్డతో తుడిచి వేశాడు. "మా అమ్మాయి ఏమన్నా చేసిందా?"

చేతమ్మ స్టూలు మీద కూర్చుని, దారంతా కట్టుకుంటూ వచ్చిన మాటలన్నీ మరిచిపోయి, వాక్యం ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతని మొహంలో రంగు పోయింది.

"అయ్యయ్యో! రాసేసిందా? నేనేదో నలుగుర్లో నవ్వులాటకి అనేమాట టీచర్ అది! ఇంటికెళ్ళి దాని పని చెప్తా."

"దాన్ని ఒక్క మాటన్నావంటే ఊరుకోను. అది రాసింది తప్పో ఒప్పో నువ్వు చెప్పు. ఏం జరిగింది?"

అతను తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

"ఈ షాపు అప్పుడు మా మేనమామది టీచర్. ఆయన నడుం విరగ్గొట్టుకుని పడుకుంటే సాయానికి వచ్చేవాణ్ణి. వారంలో రెండు రోజులు బడికి నాగా. ఓసారి ఏకంగా తొమ్మిది రోజులు రాలేదు. పదో రోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డా. మీరు చూసి, 'ఎందుకొచ్చావు నాయనా శ్రమపడి? నువ్వు లేకపోతేనే బెంచీ శుభ్రంగా ఉంది. ఆ టైర్ల దగ్గరే ఉండిపో, గాలి కొట్టించుకోవాలంటే మేమే వస్తాం' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను టీచర్. మర్నాడు రాలేదు."

ఆ మాటలు తనవేనని చెప్పడానికి చేతమ్మకు సాక్షి అక్కర్లేకపోయింది. ఆ ఒడుపూ, చివర ఆ విరుపూ ఊళ్ళో ఇంకెవరికీ లేవు. అవి అన్న రోజు మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు. అదే ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

"నాకు గుర్తు కూడా లేదయ్యా," అంది.

"మీకెలా గుర్తుంటుంది టీచర్? మీకు ఏడాదికి నలభై మంది పిల్లలు. నాకు తెలుగు టీచరు మీరొక్కరే." ఈ మాట నిష్ఠూరంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అన్నాడు. "అయినా మీరు మాన్పించడమేంటి టీచర్, నేనే మానేశాను. నాకు షాపంటే ఇష్టం. మీ మాట ఓ సాకు దొరికింది. కాకపోతే..."

"కాకపోతే?"

"నాలుగు రోజులు చూశాను. ఎవరినైనా పంపుతారేమోనని. అప్పట్లో ఎవరైనా రాకపోతే మీరు క్లాసు లీడరుని ఇంటికి పంపేవారు కదా. వాడు వస్తే వెళ్దామని రోజూ చొక్కా ఉతుక్కుని పెట్టుకునేవాణ్ణి. ఐదో రోజు నుంచి చూడటం మానేశా." అంటూనే నవ్వేశాడు. "ఎప్పటి మాటో టీచర్! నాకేం తక్కువైంది? షాపు నాదైంది, పిల్ల చదువుకుంటోంది. మీరు సంతకం పెట్టొద్దు. అది తప్పు వాక్యం."

చేతమ్మ లేచింది. ఏదో అనాలని నోరు తెరిచింది. ఏ మాట ఎక్కడ తగులుతుందోనని మొదటిసారి భయమేసి, "గాలి బాగానే ఉందంటావుగా," అని మాత్రం అని స్కూటరు ఎక్కింది. సినిమా హాలు దాటాక స్కూటరు ఒక పక్కన ఆపి, తనివితీరా ఏడ్చింది.

శుక్రవారం ఆఖరి పీరియడు. పిల్లలు ఒక్కొక్కరే లేచి వాక్యం చదువుతున్నారు, సంతకం ఎలా దొరికిందో చెబుతున్నారు. మంగలి సంతకం, లిఫ్టు బాగుచేసే ఆయన సంతకం, పక్కింటివాళ్ళ కుక్కను తప్పిపోనిచ్చిన ఒక అన్నయ్య సంతకం. క్లాసు గలగలా నవ్వుతోంది. మూడో బెంచీ చివరి పిల్ల లేచి తన వాక్యం చదివింది. నవ్వులు టక్కున ఆగిపోయాయి. నలభై జతల కళ్ళు ఆ పిల్ల మీంచి చేతమ్మ మీదికి తిరిగాయి.

"ఇటు తే," అంది చేతమ్మ.

నిలబడే పుస్తకం అందుకుంది. కలం మూత తీసింది. వాక్యం కింద పొడి అక్షరాలతో సరిపెట్టకుండా పూర్తి పేరుతో సంతకం పెట్టి, తేదీ వేసింది. తర్వాత పిల్లలకేసి తిరిగింది. "నిజమే. ఈ పిల్ల వాళ్ళ నాన్నని క్లాసులో అందరి ముందూ ఓ మాట అన్నాను. అతను బాధపడ్డాడు, రావడం మానేశాడు. పిలిపించాల్సింది, పిలిపించలేదు. నాది తప్పు," అంది.

ఆ పిల్ల మెల్లగా చెయ్యెత్తింది. ఏడాదిలో మొట్టమొదటిసారి.

"టీచర్, పేజీ తిప్పండి. మా నాన్న కూడా రాశాడు."

తిప్పింది. అక్కడక్కడా నల్లటి వేలిముద్రలు. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి కిందికి జారిన వరస. 'బడి నేనే మానేశాను. ఎవరూ మాన్పించలేదు.' కింద సంతకం. సంతకం పక్కన బ్రాకెట్లో 'ఏడో తరగతి'.

చేసింది నేను కాదంటూ ముగ్గురు సంతకాలు పెట్టిన పాఠం అది. ఒకే పనికి నేనంటే నేనని ఇద్దరు సంతకాలు పెట్టడం మాత్రం ఇదే మొదలు. చేతమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఈసారి అద్దాలు నిజంగానే మసకబారాయి.

"మార్కులు టీచర్?" అంది పిల్ల. నాలుక వచ్చాక ఇక ఆగేలా లేదు.

"నీకు పది. మీ నాన్నకి ఎనిమిది."

"రెండెందుకు తగ్గించారు?"

"పాతికేళ్ళు ఆలస్యంగా ఇచ్చినందుకు."

క్లాసు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుని నవ్వింది. పిల్ల నవ్వలేదు. "మరి మీకు?" అంది.

చేతమ్మ పుస్తకం మూసి ఆ పిల్ల చేతికిచ్చింది. "నా మార్కులు నేను వేసుకోకూడదు. మీ నాన్నని వెయ్యమను."

శని, ఆదివారాలు ఆవిడకు ఏ పనికీ చేతులాడలేదు. పరీక్ష రాసి ఫలితం కోసం చూసే పిల్లలా ముందు గదిలోకీ వంటింట్లోకీ తిరిగింది. ఆయన చేతిలోని గడియారానికి రెండుసార్లు టైము తప్పు పెట్టి, మూడోసారి "కూర్చోవే కాస్త," అని కసిరాడు.

సోమవారం ఉదయం బెల్లుకు ముందే పిల్ల పుస్తకం తెచ్చిచ్చింది. చేతమ్మ దాన్ని స్టాఫ్ రూములో తెరవలేదు, క్లాసులో తెరవలేదు. సాయంత్రం ఇంటికి తెచ్చి, ఆయన బల్ల పక్కన కూర్చుని తెరిచింది. అవే పెద్ద అక్షరాలు.

'టీచరుగారికి పదికి తొమ్మిది. ఒకటి ఎందుకు తగ్గించానో వారికి తెలుసు.'

"తొమ్మిదొచ్చాయండీ," అంది.

"ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది?"

"అతను చొక్కా ఉతుక్కుని ఎదురుచూసిన ఆ నాలుగు రోజులకీ పోయింది," అంది చేతమ్మ. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాని అట్ట నిమురుతూ కూర్చుంది. "పదీ వేసుంటే నమ్మేదాన్ని కాదు."